పొయ్యికి కావలసిన గాలి

వంటయింటి గ్యాసుకు తూకమున్నది, ధర యున్నది. నిండు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉండును. అది ఏ తేదీన తగిలించినదీ, ఎన్ని దినములు వచ్చినదీ ఇల్లాలికి లెక్క తెలియును. కాని ఆ గ్యాసుతోబాటు మరియొక సరుకుకూడ ప్రతిదినము పొయ్యిలో ఖర్చగుచున్నది. దానికి రశీదు లేదు. దానిని మోసి తెచ్చు మనిషి లేడు. తరిగిపోయినదని ఎవరును హెచ్చరింపరు. ఆ సరుకు గాలి. ఒక సిలిండరు ఖాళీ అగులోపల పొయ్యి ఎంత గాలిని తినునో ఒక్కసారి ఊహింపుడు. గ్యాసు ఎంతో గాలియు అంతేనని కొందరు, దానికి రెండింతలని కొందరు చెప్పవచ్చును. లెక్క వేసినచో ఇంచుమించు 220 కిలోలని తేలును. అనగా రెండు క్వింటాళ్ల పైచిలుకు.

ఈ అంకె ఎట్లు వచ్చినదో చెప్పుటయే ఈ ప్రసంగములోని విషయము. ఇది పాఠశాలలో పరీక్షకొరకు నేర్చి మరచిపోవు లెక్కలలో ఒకటి. కాని తలుపులు మూసిన స్నానపు గదులలో గ్యాసు గీజర్ల వలనను, మూసిన పడకగదులలో బొగ్గుల కుంపట్ల వలనను మనుష్యులు ప్రాణములు పోగొట్టుకొనుట ఈ లెక్క తప్పుటచేతనే. అందుచేత దీనిని పిల్లల నోటు పుస్తకమునకు విడిచిపెట్టుట మంచిది కాదు.

పదార్థములు ఒకదానితో నొకటి కలిసి మార్పు చెందునపుడు ఏది ఎంత తూకమున కావలయునో, ఏది ఎంత తూకమున వెలువడునో లెక్కించు శాస్త్రభాగమునకు స్టాయికియోమెట్రీ అని పేరు. మూలపదార్థము అను అర్థముగల గ్రీకు మాటకు కొలత అను అర్థముగల మాటను జతచేసి 1792లో జర్మను శాస్త్రజ్ఞుడు జెరెమియాస్ బెంజమిన్ రిక్టర్ ఈ పేరు కల్పించెను. ఆయనకు గణితముపై మిక్కిలి మక్కువ. 1789లో ఆయన విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వ్యాసమే రసాయనశాస్త్రమున గణితమువలన కలుగు ప్రయోజనమును గురించినది. రిక్టరుకు ముందే ఫ్రాన్సు దేశములో లవోయిజే పండితుడు త్రాసు చేతబట్టి, మండుట యనగా పదార్థము గాలిలోని ప్రాణవాయువుతో కలియుట యనియు, ఆ కలయికకు ముందున్న మొత్తము తూకము తరువాతకూడ చెక్కుచెదరక ఉండుననియు నిరూపించెను. కట్టెలు కాలి పిడికెడు బూడిద మిగిలినచో తక్కిన బరువు నశింపలేదు; వాయురూపమున ఎగిరిపోయినది. దానిని కూడ పట్టి తూచవచ్చునని చూపిన మహానుభావుని 1794లో విప్లవ ప్రభుత్వము గిలటిను యంత్రమున శిరచ్ఛేదము చేయించెను.

పాళ్ల సంగతి మన వంటయింటికి క్రొత్త కాదు. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ. ఇంటిలో పది గ్లాసుల రవ్వ ఉన్నను మినప్పప్పు ఒక్క గ్లాసే ఉన్నచో ఆనాడు కలుపదగిన రవ్వ రెండు గ్లాసులే. తక్కిన ఎనిమిది గ్లాసులు డబ్బాలో ఉండవలసినదే. ఏ వస్తువు ముందుగా అయిపోవునో దానినిబట్టియే పిండి తయారగును. ఈ చిన్న సంగతిని మనసునందుంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది. అయితే వంటలోని పాళ్లను కొంచెము అటునిటు జరుపవచ్చును, ఇడ్లీ కాస్త గట్టిపడును, అంతే. పరమాణువులు అట్టి సర్దుబాటుకు ఒప్పుకొనవు.

ఇక లెక్కలోనికి వత్తము. సిలిండరులో ఉండునది ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. లెక్క సులభముగా ఉండుటకై అంతయు బ్యూటేనే యనుకొందము. ప్రొపేనైనను అంకెలలో చెప్పదగిన తేడా రాదు. ఒక బ్యూటేను అణువులో 4 కర్బన పరమాణువులు, 10 ఉదజని పరమాణువులు కలవు. ఉదజని పరమాణువు బరువు 1 అనుకొన్నచో కర్బనము 12, ప్రాణవాయువు 16. కాబట్టి బ్యూటేను అణువు బరువు నాలుగు పండ్రెండులు 48, దానికి 10 కలుపగా 58.

ఈ అణువు చక్కగా మండినపుడు దానిలోని ప్రతి కర్బన పరమాణువు రెండేసి ప్రాణవాయు పరమాణువులను చేకొని బొగ్గుపులుసు వాయువగును. ఉదజని పరమాణువులు రెండేసి జతగూడి ఒక్కొక్క ప్రాణవాయు పరమాణువుతో నీరగును. నాలుగు కర్బనములకు ఎనిమిది, పది ఉదజనులకు అయిదు, వెరసి 13 ప్రాణవాయు పరమాణువులు కావలెను. పదమూడు పదహారులు 208. అనగా 58 గ్రాముల బ్యూటేనుకు 208 గ్రాముల ప్రాణవాయువు. ఒక గ్రాము తగ్గరాదు. భాగహారము చేసినచో కిలో గ్యాసునకు 3.6 కిలోల ప్రాణవాయువు కావలెనని తేలును. సిలిండరు మొత్తమునకు 51 కిలోలు.

కాని మనచుట్టు ఉన్నది శుద్ధమైన ప్రాణవాయువు కాదు. గాలిలో తూకమునుబట్టి నూటికి 23 పాళ్లు మాత్రమే ప్రాణవాయువు. తక్కినదంతయు ఇంచుమించుగా నత్రజని. అది మంటలో ఏ సాయమును చేయదు. వచ్చి, వేడెక్కి, పోవును. అయినను 23 కావలెనన్నచో నూరును రానీయక తప్పదు. ఆ విధముగా 51 కిలోల ప్రాణవాయువు కొరకు 220 కిలోల గాలి పొయ్యి దగ్గరకు రావలసియున్నది. ఘనపరిమాణములో చెప్పినచో 190 ఘనమీటర్లు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తుగల గదులు ఆరున్నొకటో ఏడో నిండునంత గాలి.

లెక్క సరిపోయినదో లేదో చూచుకొనుటకు లవోయిజే త్రాసు ఉన్నది. 14.2 కిలోల గ్యాసు, 51 కిలోల ప్రాణవాయువు కలిసి లోనికి పోయిన తూకము 65 కిలోలు. వెలుపలికి వచ్చునవి 43 కిలోల బొగ్గుపులుసు వాయువు, 22 కిలోల నీరు. ఇవియు 65 కిలోలే. ఒక్క సిలిండరు గ్యాసునుండి 22 లీటర్ల నీరు పుట్టుననిన నమ్మశక్యముగా లేదు కదా! చన్నీళ్ల గిన్నెను పొయ్యిమీద పెట్టగానే దాని అడుగున చెమ్మ పట్టి, బొట్లు కట్టి, ఒక్కొక్కప్పుడు మంటలో చిటపటలాడును. గిన్నె కారుచున్నదేమో యని కొందరు సందేహింతురు. ఆ నీరు గిన్నెలోనిది కాదు, మంటలో అప్పుడే పుట్టినది.

సాధారణమైన వంటయింటిలో ఈ గాలి వచ్చుట పోవుట మనకు తెలియకయే జరిగిపోవును. సిలిండరు నెలదినములు వచ్చుననుకొన్నచో దినమునకు కావలసిన గాలి ఏడు కిలోలకు కొంచెము పైన. తలుపు, కిటికీ, పైనున్న గవాక్షము ఉన్నచోట అది ఒక లెక్కలోనిది కాదు. పొయ్యిలో ఈ గాలి రెండు విడతలుగా వచ్చి చేరును. గ్యాసు సన్నని రంధ్రమునుండి వేగముగా వెలువడుచు, గొట్టము ప్రక్కనున్న సందులగుండా కొంత గాలిని తనతో లాగికొనిపోవును. 1855 ప్రాంతమున బున్‌సెన్ ప్రయోగశాలలో తయారైన దీపము పనిచేయు తీరుకూడ ఇదియే. మిగిలిన గాలి మంట చుట్టునుండి చేరును. రెండును సరిగా అందినపుడు మంట నీలముగా, నిలకడగా ఉండును. పాలు పొంగి బర్నరు కన్నములలో గడ్డకట్టినను, గాలి సందులలో దుమ్ము చేరినను లెక్కలోని 13 పరమాణువులు అందవు. మంట కొనలు పసుపుపచ్చనగును, గిన్నెల అడుగులు మసిబారును. ఆ మసి మరేమియు కాదు, జోడు దొరకక మిగిలిపోయిన కర్బనము. గిన్నె తోముటకంటె బర్నరు తోముట లాభసాటి బేరమని పనివారికి చెప్పుడు.

మసి కంటికి కనబడును గనుక అది అమాయకమైన శత్రువు. ప్రాణవాయువు చాలనపుడు కర్బనము చేయు రెండవ పని కంటికి కనబడదు. రెండేసి ప్రాణవాయు పరమాణువులు దొరకని కర్బనము ఒక్కొక్కదానితోనే తృప్తిపడి కార్బన్ మోనాక్సైడు అను మరియొక వాయువుగా వెలువడును. మొదటి లెక్కలో 58 గ్రాముల గ్యాసుకు 208 గ్రాముల ప్రాణవాయువు కావలసివచ్చినది. ఈ రెండవ లెక్కలో కర్బనములకు నాలుగు, ఉదజనులకు అయిదు, వెరసి 9 పరమాణువులు, అనగా 144 గ్రాములు చాలును. మంట ఆరిపోదు. నీళ్లు కాగుచునే యుండును. ఇడ్లీ పిండి విషయమున చెప్పిన సంగతి ఇక్కడ పనికివచ్చును. సిలిండరులో గ్యాసు పుష్కలముగా ఉన్నది. గదిలో ముందుగా అయిపోవు వస్తువు గాలి. కాబట్టి లెక్కను గ్యాసు వైపునుండి కాక గాలి వైపునుండి మొదలుపెట్టవలెను. మనము చేయు పొరపాటు ఏమనగా, డబ్బిచ్చి కొన్నదానికే లెక్క చూచుకొందుము.

ఒక చిన్న స్నానపు గదిని తీసికొందము. పొడవు 6 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు 8 అడుగులు. 240 ఘనపుటడుగులు, ఇంచుమించు 6.8 ఘనమీటర్లు. అందలి గాలి ఎనిమిది కిలోలకు కొంచెము తక్కువ. అందులో ప్రాణవాయువు 1.8 కిలోలు. గోడకు ఒక గ్యాసు గీజరు బిగించియున్నది. పది కిలోవాట్ల వేడినిచ్చు గీజరు గంటకు ఇంచుమించు 800 గ్రాముల గ్యాసును కాల్చును. చలికాలము గనుక తలుపు వేసి, పై కిటికీకి అట్టముక్క అడ్డుపెట్టి, పావుగంటసేపు వేడినీళ్లు పట్టుచు స్నానము చేసితిమి. ఖర్చయిన గ్యాసు 200 గ్రాములు. దానికి కావలసిన ప్రాణవాయువు 720 గ్రాములు. ఉన్న 1.8 కిలోలలో ఇది అయిదింట రెండు వంతులు! అంత తరుగు రాకముందే మంట తీరు చెడిపోవును. పైపెచ్చు, తన మంటనుండి పుట్టిన బొగ్గుపులుసు వాయువునే గీజరు మరల పీల్చుకొనుచుండును.

ఆ 200 గ్రాముల గ్యాసులోని కర్బనములో నూటికి 97 పాళ్లు చక్కగానే మండి, మూడు పాళ్లు మాత్రము మోనాక్సైడు అయినవనుకొనుడు. మూడు పాళ్లు స్వల్పమే కదా యనిపించును. తూకము చూచినచో 11.6 గ్రాములు, అనగా పాత లెక్కలో సరిగా ఒక తులము. ఆ తులము వాయువు పదిలీటర్ల చోటు ఆక్రమించును. గది మొత్తము 6,800 లీటర్లు గనుక, పది లక్షల పాళ్లలో 1,500 పాళ్లు అగును. వైద్యులు చెప్పు ప్రమాణమునుబట్టి 1,600 పాళ్లున్నచోట ఇరువది నిమిషములలో తలనొప్పి, తల తిరుగుట, వికారము కలుగును. రెండు గంటలలోపల ప్రాణము పోవును. పాళ్లు హెచ్చినకొలది వ్యవధి తగ్గును. మొదట స్నానము చేసినవారికి ఏమియు కాలేదని రెండవవారును మూడవవారును వెంటవెంటనే పోవు ఇండ్లున్నవి. మూడవవారు ప్రవేశించుసరికి గది తొల్లింటి గది కాదు.

మోనాక్సైడు చేయు హాని ఎట్టిదనగా, మన రక్తములో ప్రాణవాయువును మోసికొనిపోవు హీమోగ్లోబినును అది ఆక్రమించుకొనును. ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొనును. ఊపిరి ఆడుచునే యుండును, రొమ్ము ఎగసిపడదు, ఉక్కిరిబిక్కిరి కాదు. మత్తుగా ఉండును, కాళ్లు తేలిపోవును. గడియ తీయవలెనన్న తెలివి రావలసిన సమయమునకు చేతిలో బలము ఉండదు.

దీనికి వాసన లేదు. ఇక్కడ అనేకులు మోసపోవుదురు. గ్యాసు కారినచో కుళ్లు వాసన వచ్చును గదా, మాకు ఏ వాసనయు రాలేదు గనుక భయములేదు అందురు. ఆ కుళ్లు వాసన గ్యాసునకు సహజమైనది కాదు. కారినప్పుడు తెలియుటకై కంపెనీలవారు కలిపిన మెర్‌కాప్టాను అను పదార్థముది. అది కాలని గ్యాసును పట్టియిచ్చును. గ్యాసు కాలినపుడు ఆ పదార్థముకూడ కాలిపోవును. కాబట్టి అరకొరగా కాలి పుట్టిన విషవాయువును గురించి మన ముక్కు సాక్ష్యము చెల్లదు.

బొగ్గుల కుంపటి కథయు ఇదే, కాని మరికొంత మోసపూరితము. పురిటిగదిలో వెచ్చదనమునకై కుంపటి పెట్టుట మన ఇండ్లలో ఉన్న ఆచారము. బొగ్గు దాదాపు కర్బనమే గనుక లెక్క సులభము. 12 గ్రాముల బొగ్గునకు 32 గ్రాముల ప్రాణవాయువు, వెలువడునది 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు. అరకిలో బొగ్గు పూర్తిగా కాలుటకు ఆరు కిలోలకు కొంచెము తక్కువగా గాలి కావలెను. అంత గాలి అందినను చిక్కు తీరదు. కుంపటి అడుగున పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఎర్రని నిప్పులమధ్యనుండి పైకి వచ్చుచు, దారిలో మరియొక కర్బనమును కలుపుకొని మోనాక్సైడుగా మారిపోవును. 44 గ్రాములకు 12 గ్రాములు చేరి 56 గ్రాముల విషము. ధగధగలాడు నిప్పులమీద సన్నని నీలిమంటలు నాట్యమాడుట చూచియుందురు. పైకి వచ్చిన మోనాక్సైడు అక్కడి గాలితో కలిసి మండుటయే ఆ నీలిమంట. అది మండినంతసేపు కొంత మేలు. నిప్పులపై బూడిద కప్పి, నీలిమంటలు ఆగిపోయిన తరువాత వాయువు మండకయే గదిలోనికి వచ్చును. మనవారు సరిగా అప్పుడే, పొగ పోయినది గదా యని, కుంపటిని లోపలికి తెచ్చి తలుపు వేయుదురు. బాలింత, పసిగుడ్డు ఉన్న గదిలో ఈ పని చేయుట ఎంతమాత్రము తగదు. వెచ్చదనము కావలసినచో కంబళ్లున్నవి, వేడినీళ్ల సంచులున్నవి.

మూసిన గదిలో గీజరు వెలుగుచుండగా తలనొప్పియో, కడుపులో త్రిప్పుటయో కలిగినచో పైత్యమని సరిపెట్టుకొనరాదు. తలుపు తెరచి, చేతికందినచో గ్యాసు ఆపి, వెలుపలి గాలిలోనికి వచ్చివేయవలెను. లోపలివారు పలుకనిచో తలుపు పగులగొట్టి, వారిని అక్కడే కూర్చుండబెట్టి సేవచేయక ముందు ఆరుబయటికి తీసికొనిరావలెను, ఆపైన వైద్యశాలకు. గ్యాసు గీజరు వెలిగియుండగా జరిగినదని వైద్యునితో తప్పక చెప్పవలెను. అక్కడ శుద్ధమైన ప్రాణవాయువు నిచ్చుటయే చికిత్స.

గాలిని వెలుపలికి తోలు పంకా బిగించితిమి, మాకేమి భయమని కొందరి ధైర్యము. వచ్చు త్రోవ లేనిదే పోవు త్రోవ పనిచేయదు. తలుపు, కిటికీ బిగియించి పంకా త్రిప్పినచో అది ఉన్నచోటనే వృథాగా తిరుగుచుండును. తలుపు అడుగున జాలీ, గోడ పైభాగమున మరియొక జాలీ రెండును ఉండవలెను. ఒకవేళ గ్యాసు కారినచో గాలికంటె బరువైనది గనుక నేలను అంటుకొనియుండును. క్రింది జాలీవలన అదియు పోవును. మనము పైన చూచిన గీజరు గంటసేపు వెలిగినచో లెక్కప్రకారము 12 కిలోలకు పైగా గాలి కావలెను. ఆ స్నానపు గదిలో ఉన్నది ఎనిమిది కిలోలు కూడ కాదు. ఇది మంటకు చాలునంత మాత్రమే. మనిషి పీల్చదగిన గాలిగా గది నిలువవలెనన్నచో దీనికి ఎన్నోరెట్లు వచ్చిపోవుచుండవలెను. అంత గాలిని చిన్న గదిలోనికి రప్పించుటకంటె, గీజరునే గది వెలుపల గాలియాడు వసారాలోనో, పెరటి గోడకో బిగించి, వేడినీటి గొట్టమును మాత్రము గోడగుండా లోనికి తెచ్చుట తేలిక. గొట్టమునకును, గోడ తొలుచు మేస్త్రీకిని అగు ఖర్చు పెద్దది కాదు.